వంటింటి చెత్త పాతాల్సింది ఉన్న మొక్క పాదులో కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఇంటితోట పేజీలో ఈమధ్య వంటింటి చెత్తను నేరుగా మట్టిలో పాతి ఎరువు చేసుకోమని సలహా ఇచ్చారు. మంచి సలహా. డ్రమ్ములు, పొడులు, ద్రావణాలు ఏవీ కొనకుండా, రోజూ కలియబెట్టే పని లేకుండా ఎరువు తయారయ్యే సులువైన దారి ఇది. బెంగళూరులో కాస్త పెరడున్న ప్రతి తెలుగింట్లో ఇది జరగాలని కోరుకునేవాళ్లం మేము. అందుకే ఈ ఉత్తరం. ఆ సలహాలో "మొక్క మొదట్లో చిన్న గుంత తీసి తొక్కలు వేసి మట్టి కప్పండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అలా చేసినవాళ్లలో చాలామందికి నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కిన మొక్కలు, పందికొక్కులు తవ్విన పాదులు మిగులుతాయి. ఆపైన "ఇది మనవల్ల కాదు" అని తొక్కలన్నీ మళ్లీ చెత్త బండికే వేస్తారు.

పచ్చి తొక్క మట్టిలో పడగానే దాన్ని తినే సూక్ష్మజీవులు లక్షల కొద్దీ పెరుగుతాయి. వాటికి గాలి కావాలి, నత్రజని కావాలి. వేరుకూ అవే కావాలి. ఒకే చోట రెండూ పోటీపడితే గెలిచేది సూక్ష్మజీవులే. గాలి అయిపోయాక కుళ్లు మొదలై పులిసిన ఆమ్లాలు, అమ్మోనియా పుడతాయి. లేత వేళ్లు మాడిపోయేది వాటివల్లే. కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి మాత్రమే అయితే వాటిలో నత్రజని సరిపడా ఉంటుంది కాబట్టి ఈ దశ కొన్ని వారాల్లో దాటుతుంది. వాసన రాకూడదని వాటితోపాటు రంపపు పొట్టో, కొబ్బరి పీచో ఎక్కువగా కలిపితే మాత్రం అవి కుళ్లడానికి కావలసిన నత్రజనిని సూక్ష్మజీవులు చుట్టుపక్కల మట్టిలోంచి లాగేసుకుంటాయి. కూరగాయల తొక్కల్లో నత్రజని ఒక పాలుంటే కర్బనం ఇరవై పాళ్ల లోపు. రంపపు పొట్టులో అదే నత్రజనికి కర్బనం మూడు నాలుగు వందల పాళ్లు. మొక్క పసుపెక్కితే "ఎరువు చాలలేదు" అనుకుని ఇంకాస్త చెత్త పాతేవాళ్లున్నారు. దానితో జబ్బు ముదురుతుంది.

కాబట్టి మేం చెప్పేది ఒకటే. చెత్త పాతాల్సింది ఇప్పుడున్న మొక్క దగ్గర కాదు, మూడు నెలల తర్వాత నాటబోయే మొక్క చోట. లోతు, దూరం, వంతు అన్నీ ఈ లెక్కకు లోబడే ఉంటాయి.

ఈ ఊరికి ఇది కొత్తేమీ కాదు. ఇందోరులో బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ 1924-31 మధ్య రూపొందించిన పద్ధతిలో ఎరువు కుప్పను పదే పదే తిరగేయాలి. 1939లో శాస్త్రవేత్త సి.ఎన్.ఆచార్య బెంగళూరులో రూపొందించిన పద్ధతిలో తిరగేసే పని లేదు. కందకంలో పొరలు పొరలుగా నింపి, పైన బురదతో మెత్తి, ఆరు నుంచి ఎనిమిది నెలలు వదిలేయడమే. వ్యవసాయ పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ దాని పేరు బెంగళూరు పద్ధతే. అది ఊరి చెత్త కోసం, మీటరు దాకా లోతు కందకాలతో చేసింది. ఇంటి పెరటికి అంత లోతు పనికిరాదు. మట్టిలో ప్రాణం ఎక్కువగా ఉన్నది పైనున్న అడుగు, అడుగుంబావు మేరకే. వానపాములు, బూజు, గాలి అన్నీ అక్కడే. రెండడుగుల కింద పాతిన క్యాబేజీ ఆకులు నెలల తర్వాత తవ్వినా నల్లగా, జిగటగా, కంపు కొడుతూ బయటపడతాయి.

లోతు పదిహేను అంగుళాలు. వెడల్పు అడుగు. అడుగున నాలుగు అంగుళాల మందాన తొక్కలు వేసి, వాటి మీద రెండు అంగుళాల మట్టి లాగి, పార అంచుతో టకటకా కొట్టి తొక్కల్నీ మట్టినీ కలపాలి. ఈ కలపడం చాలామంది వదిలేస్తారు. కలిపితే ప్రతి ముక్కకూ మట్టి అంటుతుంది, కుళ్లడం త్వరగా అయిపోతుంది. కలపకపోతే తొక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని చాపలా పరుచుకుంటాయి, కింద గాలి ఆడదు. దాని మీద జానెడు మట్టి, అంటే తొమ్మిది అంగుళాలు కప్పాలి. ఆపైన మూడు నాలుగు అంగుళాలు గట్టులా పొడవుగా ఎత్తు చేయాలి. తొక్కలు కుంగేకొద్దీ మట్టి దిగుతుంది. ఎత్తు చేయకుంటే అక్కడ పల్లం పడి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడే వానలకు నీళ్లు నిలిచి దోమలకు నిలయమవుతుంది.

నలుగురున్న ఇంట్లో, వండేది ఎక్కువగా కూరగాయలే అయితే, రోజుకు సుమారు కిలో తడి చెత్త వస్తుంది. రోజూ తవ్వనక్కర్లేదు. మూత ఉన్న బకెట్‌లో అడుగున చింపిన వార్తాపత్రిక వేసి, ఏ రోజు తొక్కల మీద ఆ రోజు గుప్పెడు ఎండుటాకులు చల్లి, వారానికి రెండుసార్లు పాతితే చాలు. అంతకన్నా ఆలస్యమైతే బకెట్‌లో పురుగులు ఎక్కువవుతాయి. మూడున్నర కిలోల తొక్కలకు కందకంలో జానెడు పొడవు సరిపోతుంది. ఆరడుగుల కందకాన్ని ఒక చివర నుంచి జానెడు జానెడుగా తవ్వుకుంటూ, ముందు తవ్విన మట్టితో వెనకది కప్పుకుంటూ పోతే ఒక్క కందకం నెల రోజులకు వస్తుంది.

ఇలాంటి కందకాలు ఆరు ఉండాలి. ఒక్కోటి అడుగు వెడల్పు, మధ్యలో తొమ్మిది అంగుళాల ఖాళీ. మొత్తం ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న మడి. ఒక్కో కందకానికి ఆరు నెలల చక్రం: నెల నింపడం, రెండు నెలలు ఊరుకోవడం, మూడు నెలలు పంట. మొదటి కందకం నిండాక రెండోది, ఆ తర్వాత మూడోది. నాలుగో నెల మొదట్లో మొదటి కందకం నాటుకు సిద్ధం, చెత్త నాలుగోదాంట్లోకి పోతుంది. ఆరూ నిండేసరికి మొదటిదాంట్లో టమాటానో బీరపాదో కాపు అయిపోయి ఖాళీ అవుతుంది. ఏడో నెల చెత్త మళ్లీ అక్కడికే. వంకాయ, మిరప లాంటివి మూడు నెలలకు మించి కాస్తాయి కనుక వాటికి ఈ చక్రం బయట వేరే వరుస పెట్టుకోవాలి.

చెట్లున్న ఇళ్లలో వాటికీ ఇదే లెక్క, దూరమే మారుతుంది. కొబ్బరికి మాను నుంచి నాలుగైదు అడుగుల అవతల, అరటికి రెండడుగుల అవతల, కరివేపాకుకు రెండడుగుల అవతల. మామిడి, జామలకైతే కొమ్మల చివర నీడ పడేచోట. ఒకసారి తూర్పున తవ్వితే ఇంకోసారి పడమర తవ్వాలి. చుట్టూ ఒకేసారి కందకం తీస్తే పీల్చే వేళ్లన్నీ తెగుతాయి. గులాబీ, మల్లె పాదుల జోలికి పోవద్దు. వాటి వేళ్లు పైపైనే ఉంటాయి.

ఏం వేయాలన్న దానికన్నా ఎంత మందాన వేయాలన్నదే ఇక్కడ ఎక్కువ తేడా చూపిస్తుంది. బెంగళూరు డిసెంబరు, జనవరి అంటే అనపకాయలు. పితికిన పప్పు చేసిన రోజు కాయల తొక్కలు ఒక బుట్టెడు, నానబెట్టి పితికిన గింజల తోలు ఒక గిన్నెడు మిగులుతాయి. అనప నత్రజని దండిగా ఉండే జాతి. తొక్క మట్టికి ఎంతో మేలు. కానీ ఆ తడి తోలును ఒకచోట ఆరంగుళాల మందాన కుమ్మరిస్తే రెండు రోజుల్లో పులిసి జిగురుగా మారి, మట్టి పగుళ్లలోంచి కంపు వస్తుంది. మూడంగుళాలకు మించకుండా పరిచి, సమానంగా ఎండుటాకులు కలపాలి. అదే నెలల్లో వీధుల్లో చెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి. పోగుచేసి తగలబెట్టే ఆ ఆకుల్ని నాలుగు గోనె సంచులు తెచ్చి దాచుకుంటే ఏడాదికి ఢోకా లేదు. వేసవిలో పుచ్చకాయ చెక్కులకూ ఇదే జాగ్రత్త, అవి నీళ్ల మూటలు. పనస తొక్కను చిన్న ముక్కలుగా నరికి, ఇంకో రెండంగుళాలు లోతుగా వేయాలి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, బొండాం డొక్కలు, మొక్కజొన్న కంకి బెండ్లు, మునక్కాయ పిప్పి వేయొద్దు. అవి తొందరగా కుళ్లవు, మళ్లీ తవ్వినప్పుడు పారకు అడ్డం పడతాయి. కోడిగుడ్డు పెంకుల్ని నలిపి వేయాలి. నలపకుండా వేస్తే ఏడాది తర్వాత కూడా అలాగే కనిపిస్తాయి. పండగ పూలకు దారం, జిలుగు కాగితం తీసేయాలి. ఆయుధపూజ నాడు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయకు కుంకుమ అంటిన భాగం కోసేసి మిగతాది పాతొచ్చు. టీ సంచుల్లో కొన్నింటికి ప్లాస్టిక్ నేత ఉంటుంది, చించి పొడి మాత్రం వేయాలి.

అన్నం, చపాతీ, వేరుశెనగ చట్నీ, నూనె మిగిలిన కూర, పెరుగు, పచ్చళ్లు, మాంసం, చేప, ఎముకలు మట్టిలోకి వద్దు. ఉప్పు మట్టికి, వానపాములకు చేటు. నూనె తొక్కల చుట్టూ పొరలా పట్టి గాలి, నీరు అందనివ్వదు. మిగతావి పందికొక్కులకు పిలుపులు. ఇవి కార్పొరేషన్ తడి చెత్త బండికే ఇవ్వాలి. సిగ్గుపడాల్సింది లేదు. తొక్కలు మట్టికి పోగా మిగిలింది కొంచెమే. బెంగళూరు చెత్త తీసుకెళ్లి పోసిన ఊళ్లలో, 2012లో మావళ్ళిపురలో, 2014లో మండూరులో, ఊళ్లవాళ్లు పోరాడి మన చెత్త లారీల్ని ఆపించారు. వాళ్ల నీళ్లను పాడుచేసింది ఎక్కువగా ఈ తడి చెత్త కారిన రసమే.

పందికొక్కు గురించి విడిగా చెప్పాలి, ఈ ఊళ్లో ఈ పద్ధతి మానేసినవాళ్లలో చాలామంది దానివల్లే మానేశారు. పాత డ్రైనేజీ పక్కన, ఖాళీ సైటు పక్కన ఉన్న ఇళ్లలో అది రాత్రికి రాత్రి వస్తుంది. నాలుగైదు అంగుళాల మట్టి దానికి అడ్డే కాదు. జానెడు మట్టి కప్పి, దాని మీద అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్‌ను రెండడుగుల వెడల్పున పరిచి, అంచుల్లో రాళ్లు పెట్టాలి. కోళ్లగూటికి వాడే పల్చటి జాలీ కొరికేస్తుంది. మెష్ లేకపోతే వంటింటి గట్టు కట్టగా మిగిలిన కడప బండ ముక్కలు చాలు. రెండు వారాలుంచి తీసేయొచ్చు, అప్పటికి వాసన పోతుంది. కందకం పక్కన కొత్తగా బొరియ, దాని నోటి దగ్గర వదులు మట్టి కుప్ప కనిపిస్తే ఆ నెల కందకాన్ని మడి అవతలి చివరకు మార్చుకోండి.

బెంగళూరు ఎర్రమట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇటుకలా గట్టిపడుతుంది. అప్పుడు తవ్వబోతే గడ్డపార ఎగిరిపడుతుంది. ముందు రోజు సాయంత్రం కందకం చోట రెండు బకెట్ల నీళ్లు పోసి వదిలేస్తే మర్నాడు పార దిగుతుంది. ఎండల్లో కప్పిన కందకం మీద వారానికి రెండుసార్లు రెండు మూడు చెంబుల నీళ్లు చల్లాలి. నీళ్లు లేకపోతే తొక్కలు కుళ్లకుండా వడిలి ఎండిపోతాయి, ఎర్రచీమలు గూడు పెడతాయి. చీమలు కనిపిస్తే మందు చల్లకండి, తడపండి. తేమ ఎంత ఉండాలో చెయ్యే చెబుతుంది. గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఎక్కువైంది. వానాకాలంలో అలా అయితే లోతు తగ్గించి పదంగుళాలే తవ్వి, పైన జానెడు మట్టిని గట్టులా పోయాలి.

పాత చెరువుల్ని పూడ్చి వేసిన లేఅవుట్లు ఈ ఊళ్లో ఎన్నో. అలాంటిచోట్ల బంకమట్టి ఉంటుంది. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపండి. మర్నాడు ఉదయానికి కూడా నీళ్లు నిలిచి ఉంటే ఆ నేలలో కందకం పనికిరాదు, నేల మీదే మట్టితో ఎత్తు మడి కట్టుకుని అందులో పాతాలి. ఇల్లు కట్టిన కొత్తలో పెరట్లో సిమెంటు, ఇటుక ముక్కలు పూడ్చి ఉంటే అవి ఏరకుండా మొదలుపెట్టొద్దు. సిమెంటు మట్టిలో క్షారం పెంచుతుంది.

కుళ్లడం తొందరగా కావాలని సున్నం చల్లేవాళ్లున్నారు. సున్నం వల్ల నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతుంది, ఎరువులో సారం తగ్గుతుంది. బూడిదా అంతే, చిటికెడు మించొద్దు. మజ్జిగ, బెల్లం నీళ్లు, మార్కెట్లో దొరికే సూక్ష్మజీవుల పొడులు అవసరం లేదు. బతికున్న మట్టిలో కావలసినవన్నీ ఉన్నాయి. నిజంగా సాయపడేది ఒక్కటే, ముందటి కందకంలోంచి తీసిన నల్లమట్టి ఒక తట్టెడు.

ఇక్కడ ఒక లోపం ఉంది, అదీ తెలియాలి. పెద్ద కుప్ప లోపల అరవై డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మట్టిలో పాతింది వేడెక్కదు. అందుకని గింజలు చావవు, రోగాలూ చావవు. టమాటా, గుమ్మడి, బొప్పాయి నారు మొలుస్తుంది, పీకేస్తే సరిపోతుంది. కానీ వాడు తెగులు సోకిన టమాటా, వంగ మొక్కల్ని, వేళ్లకు బుడిపెలు కట్టిన మొక్కల్ని ఎప్పుడూ పాతొద్దు. ఆ తెగులు మట్టిలోనే ఏళ్ల తరబడి ఉంటుంది. కుక్క, పిల్లి మలం కూడా ఇదే కారణంతో వద్దు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలను ఆ కందకం మొదటి పంటగా వేయకపోవడం మంచిది. ముల్లంగి, క్యారెట్ కూడా మొదట వద్దు, కుళ్లని ముక్క తగిలితే గడ్డ చీలుతుంది. గుమ్మడి, సొర, బీర, టమాటా మొదటి పంటకు సరైనవి.

సిద్ధమైందో లేదో కంటితో చూసి చెప్పడం కష్టం కాదు. రెండు వారాలకు తవ్వితే అరటి తొక్కలు నల్లబడి ఆకారం చెడి ఉంటాయి, ఉల్లి పొట్టు మాత్రం రంగు మారకుండా ఉంటుంది. ఆరు వారాలకు తొక్కలు పోయి కరివేపాకు పుల్లలు, ఉల్లి పొట్టు అంచులు, పెంకు ముక్కలు మిగులుతాయి. మట్టి చాక్లెట్ రంగుకు తిరిగి, ఎర్రటి సన్నటి వానపాములు ముద్దగా దొరుకుతాయి. వేళ్లతో ఎత్తితే తొలకరి వాన పడ్డ నేల వాసన రావాలి. పుల్లటి వాసన వస్తే ఇంకా రెండు వారాలు ఆగాలి. అనుమానముంటే ఆ మట్టిని ఒక గ్లాసులో పోసి పది మెంతులు చల్లండి. ఐదు రోజుల్లో ఎనిమిదైనా మొలిచి ఆకు పచ్చగా ఉంటే నాటొచ్చు. మొలకలు కుళ్లినా, మొలవకపోయినా మట్టి ఇంకా ఊరుతోందన్నమాట. తవ్వేటప్పుడు లావుగా, తెల్లగా, కొడవలిలా వంగిన పురుగులు కనిపిస్తే ఏరేయాలి, ముఖ్యంగా కొబ్బరి చెట్లున్న ఇళ్లలో. కొమ్ము పురుగు పిల్లలు కుళ్లిన ఎరువులోనే పెరుగుతాయి, పెద్దవై కొబ్బరి మొవ్వు తొలుస్తాయి. బూడిదరంగులో చదునుగా ఉండే పురుగులైతే భయం లేదు, అవి తొక్కలు తిని పోతాయి.

30 × 40 అడుగుల సైటులో ప్రహరీకీ గోడకూ మధ్య మూడడుగుల సందు మాత్రమే ఉన్నవాళ్లు దయచేసి ఇది చేయొద్దు. ఇంటి గోడకు కనీసం మూడడుగులు, సంపుకు, బోరుకు పదడుగులు దూరం ఉండాలి. గోడ పక్కన తడి మట్టిలో అట్టముక్కలు, చెక్కపొట్టు పాతితే చెదలకు దారి ఇచ్చినట్టే. సంపు గోడ పగుళ్లలోంచి ఊట దిగితే తాగే కావేరి నీళ్లు పాడవుతాయి. ఆ ఇళ్లకు మిద్దె మీద, అడుగున రంధ్రాలున్న ఇరవై లీటర్ల బకెట్లే దిక్కు. అందులో మూడంగుళాల మట్టి, రెండంగుళాల తొక్కలు, మళ్లీ మట్టి చొప్పున నింపి, పైన నాలుగంగుళాల మట్టితో మూసి మూడు నెలలు పక్కన పెట్టాలి. నాటేది ఆ తర్వాతే.

ఇంటితోట పేజీలో ఈ పద్ధతి గురించి మళ్లీ రాసేటప్పుడు "మొక్క మొదట్లో" అన్న మాట తీసేసి, పదిహేను అంగుళాల లోతు, జానెడు మట్టి, రెండు నెలల ఆగుదల అన్న మూడు కొలతలైనా వేయండి. బొమ్మ వేస్తే ఇంకా మంచిది: పక్క నుంచి కోసి చూపినట్టు కందకం, అందులో తొక్కల పొర, మట్టి పొర, పైన గట్టు. జూన్ వానలకు ముందు అచ్చయితే నేల మెత్తబడగానే మొదలుపెట్టడానికి పాఠకులకు వీలుంటుంది.

ఇట్లు,
పెరటితోటలు పెంచే కొందరు తెలుగు పాఠకులు,
రామమూర్తినగర్, బెంగళూరు